చదవలేని పుస్తకాల దగ్గర కాసేపు



గౌలిపురలో ఇల్లున్నవాళ్ళకు రాజమహళ్ళు కొత్తేమీ కాదు. లాల్ దర్వాజా దాటి, షాలిబండ మీదుగా చార్మినార్ వైపు నడిస్తే ఎడమపక్క ఖిల్వత్‌లో చౌమహల్లా. చార్మినార్ దాటాక కుడివైపు సందుల్లోకి తిరిగితే పురానీ హవేలీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు ఓ పొడవాటి హాలు నిండా బారులు తీరి ఉన్నది అక్కడే. ఎటూ తిరక్కుండా పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నేరుగా పోతే నయాపూల్. ఆ పక్కనే, మూసీ దక్షిణపు ఒడ్డున, సాలార్‌జంగ్ మ్యూజియం. అంతా కలిపి మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాల మర్నాడు ఘటాల ఊరేగింపు సాగేది కూడా ఈ దారినే. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద, పోతరాజులు ముందు, డప్పులు వెనక, నయాపూల్ దాకా జనమే జనం. ఆ జనంలో ఎవరినైనా ఆపి, 'పక్కనే ఉన్న ఆ మ్యూజియం చూశారా' అని అడగండి. 'చిన్నగున్నప్పుడు బడివాళ్ళు తీస్కపోయిన్రు' అంటారు. 'ఏం చూసినవ్' అంటే రెండే జవాబులు. ఒకటి గంట కొట్టే గడియారం, రెండోది ముసుగేసుకున్న పాలరాతి బొమ్మ.

ఆ రెండూ చూడదగ్గవే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్న ఆ గడియారంలో కమ్మరి ప్రతి క్షణం సుత్తి వేస్తూనే ఉంటాడు. గంట గంటకూ ఓ గడ్డపాయన తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన రెబెక్కాని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. రాయే పలచటి మేలిముసుగై, దాని వెనక ముఖం కనిపిస్తుంది. చూసినవాళ్ళు మరిచిపోరు. మరిచిపోవాలనీ నేననను. కానీ అదే మ్యూజియంలో జనం ఆగకుండా దాటిపోయే గది ఒకటుంది. అది రాతప్రతుల గది. ఈరోజు నా మాటలన్నీ ఆ గది గురించే.

ముందు ఆ ఇంటి కథ చెప్పాలి. అవును, మ్యూజియం కాకముందు అది ఇల్లే. ఇప్పుడు మనం చూస్తున్న భవనం కాదు. చత్తా బజార్ పక్కన దివాన్ దేవిడీ అని పెద్ద మహలు ఉండేది. హైదరాబాద్ దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగ్ వంశం నివాసం అది. అద్దాల గది ఆయినాఖానా, గోడల నిండా పింగాణీ పొదిగిన చీనీఖానా దాని అందాలు. ఇప్పుడక్కడ మిగిలినవి దర్వాజాలూ బట్టల మార్కెట్టూ. పెళ్ళి బట్టలకని మనలో చాలామంది ఆ కమాను కిందుగా వెళ్ళొచ్చినవాళ్ళమే.

ఆ వంశంలో మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853లో దివాన్ అయి, 1883లో కన్నుమూసేదాకా ముప్ఫై ఏళ్ళు రాజ్యం నడిపాడు. ఆయన కొడుకు లాయక్ అలీ ఖాన్ రెండో సాలార్‌జంగ్. మూడో సాలార్‌జంగ్ ఈయన కొడుకు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1889 జూన్ 13న పుణేలో పుట్టాడు. బిడ్డకు నెల నిండకముందే తండ్రి పోయాడు. పెరిగి పెద్దవాడై 1912లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ప్రధాని అయ్యాడు. రెండేళ్ళు తిరగ్గానే 1914లో పదవి వదిలేశాడు. పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన జీవితమంతా వస్తువులు సేకరించాడు, పుస్తకాలు సేకరించాడు. ఊళ్ళూ దేశాలూ తిరిగి కొన్నాడు. అమ్మేవాళ్ళు దేవిడీకే మోసుకొచ్చినవీ కొన్నాడు. 1949 మార్చి 2న ఆయన పోయేనాటికి దేవిడీ గదులన్నీ నిండిపోయి ఉన్నాయి. వారసుడు లేడు.

ఆస్తి ఉండి, కొడుకు లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. బంధువులు హక్కు అడిగారు. వ్యవహారం కోర్టుకెక్కింది. అదృష్టవశాత్తూ వాళ్ళు పంచుకోకముందే ఈ సామగ్రిని అందరికీ చూపిద్దామన్న ఆలోచన పుట్టింది. అప్పుడు హైదరాబాద్ రాష్ట్రానికి వెల్లోడి ముఖ్యమంత్రి. ఐర్లండు నుంచి వచ్చి మన దేశంలో స్థిరపడిన కవీ కళావిమర్శకుడూ జేమ్స్ కజిన్స్‌కు వస్తువుల్ని సర్దే పని అప్పగించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియం తెరిచారు. 1958లో వారసులతో రాజీ కుదిరి సేకరణ మొత్తం ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మారింది. తరవాత అటొకటీ ఇటొకటీ మరో రెండు భవనాలు లేచాయి. ఒకదాంట్లో ఐరోపా కళ, ఇంకోదాంట్లో చైనా, జపాన్ వస్తువులు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఆ రాజీ. తలా ఒక వాటా పట్టుకెళ్ళి ఉంటే ఈ పాటికి ఏ కత్తి ఏ దేశంలో ఉండేదో, ఏ పుస్తకం ఏ వేలంపాటలో పోయేదో. విడదీయకుండా ఒకచోట ఉంచడం వల్లే అది మ్యూజియం అయింది. పుస్తకాల విషయంలో ఈ మాట ఇంకా ఎక్కువ నిజం.

పుస్తకాల లెక్క చూడండి. ఇక్కడి గ్రంథాలయంలో అచ్చు పుస్తకాలు అరవై వేల పైచిలుకు. మూడింట రెండొంతులు ఇంగ్లిషువే. ఉర్దూ పుస్తకాలు పదమూడు వేల దాకా ఉన్నాయి. తెలుగు పుస్తకాలు వెయ్యికి పైగా. ఇవికాక చేత్తో రాసినవి, అంటే రాతప్రతులు, ఎనిమిది వేలకు పైగా. వాటిలో ఎక్కువ భాగం అరబ్బీ, ఫారసీ, ఉర్దూ. వైద్యం, ఖగోళం, చరిత్ర, సూఫీ తత్వం, కవిత్వం, ఒకటేమిటి, ఆనాటి చదువుల్లో ఉన్నవన్నీ ఉన్నాయి. అందులో చాలా కొద్ది మాత్రమే గాజు పెట్టెల్లో మనకు కనిపిస్తాయి. మిగిలినవి పరిశోధకుల కోసం లోపల భద్రంగా ఉంటాయి.

ఇక్కడే చాలామందికి ఓ చిక్కు వస్తుంది. 'నాకు అరబ్బీ రాదు, ఫారసీ రాదు, నేనేం చూస్తాను' అని. సబబైన ప్రశ్నే. పటం చూడ్డానికి భాష అక్కర్లేదు. రవివర్మ బొమ్మలు రెండు, దొంగచాటు కలయికా, కేరళ సుందరీ, ఇదే మ్యూజియంలో ఉన్నాయి. వాటి ముందు నిలబడ్డవాళ్ళకు ఎవరూ ఏమీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పుస్తకం అలాక్కాదే అంటారు. నేను చెప్పేదేమిటంటే, చదవలేని పుస్తకాన్ని కూడా చూడొచ్చు. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

మొదట కాగితం చూడండి. ఆ మెరుపు దానికి ఊరికే రాలేదు. కాగితానికి గంజి పట్టించి, ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు పెడతారు. అలా చేస్తే రెల్లు కలం జారుతూ పోతుంది, సిరా కాగితంలోకి ఇంకిపోదు. దీపపు మసీ తుమ్మజిగురూ కలిపి చేసిన నల్ల సిరా వందల ఏళ్ళయినా నల్లగానే ఉంటుంది.

తరవాత వరసలు చూడండి. అంత తిన్నగా ఎలా వచ్చాయి? అట్ట మీద దారాలు సమానమైన ఎడంతో బిగించి, దానిపై కాగితం పెట్టి అదుముతారు. కాగితం మీద కంటికి ఆనీ ఆనని గీతలు పడతాయి. లేఖకుడు ఆ గీతల మీదే రాసుకుంటూ పోతాడు. ఆ దారాల అట్టను మిస్తర్ అంటారు. వెలుతురు ఏటవాలుగా పడినచోట ఆ అదుము జాడ ఇప్పటికీ కనిపించవచ్చు.

ఆ తరవాత మూలలు చూడండి. అరబ్బీ, ఫారసీ పుస్తకం కుడినుంచి ఎడమకు సాగుతుంది. కుడి పేజీ అడుగున, ఎడమ మూల, ఒంటరిగా ఒక మాట వాలుగా రాసి ఉంటుంది. ఎదుటి పేజీ మొదలయ్యేది ఆ మాటతోనే. పేజీ అంకెలు లేని కాలంలో కాగితాల వరస తప్పకుండా ఉండేందుకు చేసుకున్న ఏర్పాటది. అక్షరం ముక్క రాకపోయినా ఆ రెండు మాటల ఆకారాలు పోల్చి, 'ఇదిగో, అదే ఇది' అని పట్టుకోవచ్చు. పిల్లలకు చూపించి వెతకమనండి. గడియారం దగ్గరున్నంత సందడి ఇక్కడా మొదలవుతుంది.

ఇక లిపి. తొమ్మిదో శతాబ్దపు కూఫీ లిపిలో తోలు మీద రాసిన ఖురాన్ ప్రతి ఇక్కడుంది. అక్షరాలు పొట్టిగా, బరువుగా, అడ్డంగా సాగి ఉంటాయి. దాన్ని చూశాక పక్కకు జరిగి ఒక ఫారసీ కావ్యం చూడండి. అక్షరాలు కుడినుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంటాయి. ఇది నస్తాలీఖ్. ఒకటి నిలబడ్డ లిపి, ఒకటి నడుస్తున్న లిపి. ఈ తేడా చూడ్డానికి భాష రావాలా?

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సినవి ముద్రలూ సంతకాలూ. నాకు ఆ గదిలో అసలు కథ వాటిలోనే ఉందనిపిస్తుంది. యాఖూత్ అల్ ముస్తాసిమీ అని బాగ్దాద్ లేఖకుడు. చివరి అబ్బాసీ ఖలీఫా కొలువులో పనిచేసినవాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేసినప్పుడు ఆయన ఓ మినారెక్కి దాక్కుని, కాగితం దొరక్క బట్ట మీద అక్షరాలు దిద్దుకుంటూ కూచున్నాడని ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా, ఊరు కాలిపోయినా ఆయన కలం ఆగలేదన్నది నిజం. 1288లో ఆయన రాసినదని చెప్పే ఖురాన్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు సంతకాలున్నాయి. తాత, తండ్రి, కొడుకు. ఈ వరసలో ఏ తండ్రికీ కొడుక్కీ సింహాసనం దగ్గర పొసగలేదు. షాజహాన్ తండ్రి మీద తిరగబడ్డాడు. ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించాడు. ముగ్గురి చేతి రాతా ఒక్క పుస్తకంలో చేరింది. ఔరంగజేబుదీ మనకు తెలియని పేరు కాదు. 1687లో గోల్కొండను పడగొట్టిన పాదుషా ఆయనే.

ఆ కాలపు మరో సంతకం జహానారాది. షాజహాన్ పెద్దకూతురు, బందీ అయిన తండ్రి దగ్గర చివరిదాకా ఉండిపోయిన మనిషి. రౌజత్ అల్ ముహిబ్బీన్ అనే రాతప్రతి మీద ఆమె చేవ్రాలు ఉంది. చరిత్ర పాఠంలో పేరుగా చదివిన మనిషి, ఒకనాడు ఈ పుస్తకం చేతిలోకి తీసుకుని, కలం ముంచి, తన పేరు రాసుకుంది. తర్జుమాలో చదివితే ఇది దొరకదు. ఆ ప్రతి ముందు నిలబడాల్సిందే.

దూరదేశాల మాట అలా ఉంచి మన ఊరి పుస్తకానికి వద్దాం. చార్మినార్ కట్టించి, 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవి కూడా. దక్కనీలో పెద్ద ఎత్తున రాసి, సొంత కవితా సంపుటం ఉన్న తొలి కవుల్లో ఒకడిగా ఉర్దూ సాహిత్యం ఆయన్ని తలుచుకుంటుంది. బంగారు నగిషీలతో ఉన్న ఆయన కవితల రాతప్రతి సాలార్‌జంగ్‌లో ఉంది. ఆయన కవిత్వమంతా ఈ నేలే. వానాకాలం, వసంతోత్సవం, పండ్లు, పండగలు, తాను కట్టించుకున్న మేడలు. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా అద్దంకి గంగాధరుడి వంటి తెలుగు కవుల్ని ఆదరించినవాడు. కాబట్టి ఆ ఇంట్లో తెలుగు వింటూనే పెరిగిన కవి ఆయన. 1940లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఈ కవిత్వాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్ళం మనం. మన ఊరిని కట్టినవాడి పుస్తకం మన ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

రాతప్రతుల నుంచి అడుగు పక్కకు వేసి పచ్చరాతి వస్తువుల గదిలోకి వెళ్ళినా పుస్తకం మనల్ని వదలదు. జహంగీర్ బాకూ, నూర్జహాన్ పండ్లు కోసే చాకూ ఉన్న గది అది. అక్కడే ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన రెహల్ ఒకటుంది. దాని మీది తేదీ పదమూడో శతాబ్దపు తొలినాళ్ళది. రెహల్ అంటే ఏమిటో చెప్పాలంటే మన ఇళ్ళల్లో రామాయణమో భాగవతమో పెట్టుకుని చదువుకునే వ్యాసపీఠం లాంటిదే. అదే మడత, అదే వాలు. చెక్కకు బదులు పచ్చరాయి, అంతే. గ్రంథాన్ని నేల మీద పెట్టకూడదన్న మర్యాద రెండు చోట్లా ఒకటే.

కాగితం ఏడు వందల ఏళ్ళు బతకడం మాటలు కాదు. దానికి శత్రువులు చాలామంది. వెలుతురు ఒక శత్రువు. అందుకే ఆ గదిలో దీపాలు మసకగా ఉంటాయి. కాగితం మీద పడే వెలుగు యాభై లక్స్ దాటకూడదని ప్రపంచమంతటా మ్యూజియాలు పాటించే కట్టుబాటు. 'లైటు సరిగ్గా లేద'ని విసుక్కోకండి, కళ్ళు ఆ మసకకు అలవాటు పడేదాకా ఓ నిమిషం ఆగండి. తేమ మరో శత్రువు. మూసీ ఎంత దగ్గరో తెలుసు కదా, 1908 సెప్టెంబర్ 28 వరదలో ఆ నది ఏం చేసిందో కూడా మన పెద్దలు చెప్పగా విన్నాం. పురుగు మూడో శత్రువు. పూర్వం లేఖకులు పుస్తకం మొదట్లోనో చివర్లోనో 'యా కబీకజ్' అని రాసేవారు. కబీకజ్ పురుగులకు రాజనీ, ఆయన పేరు కనిపిస్తే పురుగులు జోలికి రావనీ నమ్మకం. మన తాళపత్రాలు రాసినవాళ్ళు కూడా చివర్లో చేతులు జోడించేవారు. నీటి నుంచి కాపాడండి, నూనె నుంచి కాపాడండి, కట్టు వదులు కానీయకండి అని. భాష వేరైనా ఇద్దరి దిగులూ ఒకటే. నేను రాశాను సరే, నా తరవాత ఎవరు చూసుకుంటారు అని.

ఇక వెళ్ళే పద్ధతి గురించి ఒక మాట. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఒకే పూట ఉంటుంది. సుమారు నలభై గదులు కాళ్ళు లాగేదాకా తిరిగి, ఏదీ గుర్తులేకుండా బస్సెక్కుతారు. వాళ్ళ తప్పు కాదు. గౌలిపుర, మొఘల్‌పుర, షాలిబండ, యాకుత్‌పుర, ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఆ ఆత్రం ఎందుకు? వెళ్ళినప్పుడల్లా ఒక్క గది చాలు. ఒక్క పెట్టె ముందు పది నిమిషాలు నిలబడినా ఆ పూట గిట్టుబాటే. గాజు పెట్టెలో పుస్తకం తెరిచి పెడితే కనిపించేవి రెండే పేజీలు. తక్కిన వందల పేజీలు మూసే ఉంటాయి. తొందరపడి చూడ్డానికి అసలక్కడ ఏముంది? శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. గంట కొట్టే బొమ్మను చూడనివ్వండి. ఆ తరవాత ఈ గదికి తీసుకొచ్చి ముద్రలు వెతకమనండి.

ఇన్ని సంతకాల కథ చెప్పిందానికి కారణం ఒకటుంది. పుస్తకానికి శాశ్వతమైన సొంతదారు లేడు. బాగ్దాద్‌లో రాసినవాడు పోయాడు, సంతకం చేసిన పాదుషాలు పోయారు, దేవిడీలో దాచినవాడు పోయాడు. చేతులు మారుతూ మారుతూ 1961 చట్టంతో అది మన చేతికొచ్చింది. రాజులకూ నవాబులకూ మాత్రమే దక్కిన పుస్తకం ఇప్పుడు టికెట్టు కొన్న ప్రతివాడిదీ. ఈ పాతబస్తీ వాడిది మరికాస్త ఎక్కువ.

మన ఇళ్ళల్లో కూడా అటక మీద తాతగారి కాగితాల కట్టలుంటాయి. వైద్యం రాసుకున్న నోటు పుస్తకాలు, యక్షగానాల ప్రతులు, తాటాకు కట్టలు, పాత ఉర్దూ దస్తావేజులు. చదివేవాళ్ళు లేరని కొందరు తూకానికి అమ్మేస్తున్నారు. పవిత్రమైనవి కదా అని కొందరు పుష్కరాల్లో నదిలో వదిలేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. మనకు చదవడం రాకపోవచ్చు, చదవగలిగినవాళ్ళున్నారు. హైదరాబాదులోనే ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. వాళ్ళకు చూపించండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే కనీసం ఫొటోలు తీయించి, కట్టలో ఓ చీటీ పెట్టండి. ఇది ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, మీకు ఎవరిచ్చారు అని మూడు ముక్కలు రాయండి. కింద మీ పేరూ తేదీ వేయండి. పాదుషాలు తమ పుస్తకాల్లో చేసింది ఆ పనే. దానికి పాదుషానే కానక్కర్లేదు.